ఒక పసుపు మాత్ర చరిత్ర: మెథోట్రెక్సేట్ మేలు, ముప్పు, ధర

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు గర్భంతో ఉండగా తీవ్రమైన రక్తహీనతకు లోనవుతున్నారు, ఎందరో చనిపోతున్నారు. కారణం తేల్చడానికి ఆమె వచ్చారు. సూక్ష్మజీవులేమో అని వెతికారు, దొరకలేదు. ఆ స్త్రీల తిండి మీద దృష్టి పెట్టారు. కాయగూరలు, మాంసకృత్తులు తక్కువగా తినేవారిలోనే జబ్బు ఎక్కువగా ఉంది. ఈస్టు నుంచి తయారయ్యే మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే కొద్ది రోజుల్లోనే రక్తం పట్టింది. 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఈస్టులోనూ కాలేయంలోనూ ఉన్న ఆ పదార్థం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుంచి దాన్ని వేరుచేసినవారు దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

నోటి ద్వారా తీసుకునే కీమోథెరపీ మందుల్లో అత్యంత పాతవాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్ చరిత్ర ఈ విటమిన్‌తోనే మొదలవుతుంది. రక్త క్యాన్సర్ పిల్లల నుంచి కీళ్లవాతం ఉన్న పెద్దల దాకా లక్షలాది మంది ఈ చిన్న పసుపు మాత్ర మీద బతుకుతున్నారు. దీన్ని పొరపాటున రోజూ వేసుకుని చనిపోయినవారూ ఉన్నారు. మేలు, ముప్పు రెండూ ఒకే గుణం నుంచి వచ్చాయి. ఎంత ఇవ్వాలి, ఎంత ఎడంతో ఇవ్వాలి అన్న రెండు ప్రశ్నలకు మనుషులు జవాబు నేర్చుకున్న తీరే ఈ మందు చరిత్ర. ఆ జవాబు మరిచిన చోట ఈ రోజుకీ ప్రాణాలు పోతున్నాయి.

భీమవరం నుంచి పెరల్ రివర్‌కు

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువుకునే రోజుల్లోనే తండ్రి పోయారు. ఒకరి వెంట ఒకరుగా ఇద్దరు అన్నదమ్ముల్ని జబ్బులు పొట్టనబెట్టుకున్నాయి. వారిలో ఒకరిని తీసుకుపోయింది స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషిని చిక్కి శల్యం చేసే ఉష్ణమండల వ్యాధి అది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ సుబ్బారావు ఖద్దరు కట్టారు. అది నచ్చని శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహం ఫలితంగా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా బదులు అంతకంటే తక్కువైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికొచ్చింది. ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1920ల మొదట్లో ఓడెక్కి బోస్టన్ చేరారు. తిరిగి స్వదేశానికి రాలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ దారినే కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలను కనుగొన్నారు. అయినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరి, తర్వాత అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన నాయకత్వంలోని రసాయన శాస్త్రజ్ఞుల బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. తోబుట్టువును బలిగొన్న స్ప్రూ రోగుల్లో రక్తం నిలబెట్టడానికి అది పనికొచ్చింది. మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతకు విల్స్ సూచించిన మందు ఇప్పుడు సీసాలోకి వచ్చింది.

ఒక అపజయం చూపిన దారి

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ పెథాలజీ నిపుణులు. రక్త క్యాన్సర్‌తో చనిపోయిన పిల్లల శవపరీక్షలు చేయడం ఆయన నిత్యకృత్యం. అప్పట్లో తీవ్ర ల్యుకేమియా వచ్చిన పిల్లవాడికి వైద్యం లేదు. రక్తం ఎక్కించి, నొప్పి తగ్గించి, కొన్ని వారాలో నెలలో కాచుకుని కూర్చునేవారు. లెడర్లీ పంపిన ఫోలిక్ యాసిడ్ సంబంధిత పదార్థాలను ఫార్బర్ కొందరు రోగులకు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా, ఎముక మూలుగలో క్యాన్సర్ కణాలు మరింత వేగంగా పెరిగాయి.

ఆ దుష్ఫలితాన్ని ఫార్బర్ తిరగేసి చదివారు. ఫోలిక్ యాసిడ్ అందితే క్యాన్సర్ కణం పెరుగుతోందంటే, అందకుండా చేస్తే ఆగిపోవాలి. ఆ విటమిన్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాలు కావాలని సుబ్బారావు బృందాన్ని కోరారు. అలా వచ్చినవాటిలో బలమైనది అమినోప్టెరిన్. 1947 చివర్లో దాన్ని పిల్లలకు ఇవ్వడం మొదలైంది. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన నివేదిక ప్రకారం మందు తీసుకున్న పిల్లలు 16 మంది. వారిలో చాలామంది అప్పటికే చావు అంచున ఉన్నారు. 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. రక్తంలో, మూలుగలో చెడు కణాలు తగ్గాయి. ఉబ్బిన కాలేయం, ప్లీహం కుంచించుకుపోయాయి. మంచం పట్టిన పిల్లలు లేచి తిరిగారు.

అదే నివేదికలో నోటిపూత సంగతీ ఉంది. కొందరు పిల్లల నోట్లో పుండ్లు పడ్డాయి, మందు ఆపాల్సి వచ్చింది. వచ్చిన ఉపశమనం కూడా తాత్కాలికమేనని ఫార్బర్ స్పష్టంగా రాశారు. జబ్బు తిరగబెట్టింది. సహవైద్యుల్లో కొందరు పిల్లల్ని ఇలా బాధపెట్టడం తగదన్నారు. కానీ ఒక రసాయనం ల్యుకేమియాను కొన్నాళ్లయినా వెనక్కి నెట్టగలదని మొదటిసారి రుజువైంది. ఆ నివేదిక వచ్చిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశారు.

పనిచేసే తీరు

అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మరో పదార్థాన్ని లెడర్లీ రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు. మొదట అమెథాప్టెరిన్ అని, తర్వాత మెథోట్రెక్సేట్ అని పేరొచ్చింది. బరువుకు బరువు చూస్తే దీని శక్తి తక్కువే. అయితే మేలు చేసే మోతాదుకీ కీడు చేసే మోతాదుకీ మధ్య దీనిలో కొంచెం ఎక్కువ ఎడం ఉంది. అందుకే 1950ల్లో అమినోప్టెరిన్ తెరమరుగై మెథోట్రెక్సేట్ నిలిచింది. 1953లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది.

ఇది పనిచేసే తీరు 1950ల చివరికి తేలింది. కణం విభజన చెందాలంటే కొత్త డీఎన్ఏ అల్లుకోవాలి. దానికి ఫోలేట్ క్రియాశీల రూపంలో కావాలి. ఆ రూపంలోకి మార్చే ఎంజైమ్‌లో మెథోట్రెక్సేట్ తాళంలో దూరి విరిగిన చెవిలా ఇరుక్కుపోతుంది. డీఎన్ఏ పని ఆగుతుంది, విభజించబోయిన కణం చస్తుంది. క్యాన్సర్ కణాలు వేగంగా విభజిస్తాయి కాబట్టి ముందు అవి దెబ్బతింటాయి. కానీ మన ఒంట్లో వేగంగా విభజించే మంచి కణాలూ ఉన్నాయి. రక్తాన్ని తయారుచేసే మూలుగ, నోటి లోపలి పొర, పేగుల పొర, కడుపులోని పిండం అటువంటివే. 1948లో పిల్లల నోట్లో పడిన పుండ్లకు కారణం ఇదే. మూలుగ దెబ్బతింటే తెల్లకణాలు పడిపోయి జ్వరం, ఇన్‌ఫెక్షన్ ముంచుకొస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోతే రక్తస్రావం అవుతుంది.

నయం చేయడం నేర్చుకున్న రోజులు

1951లో న్యూయార్క్ హార్లెం ఆసుపత్రిలో జేన్ రైట్ అనే నల్లజాతి వైద్యురాలు ఈ మందు రొమ్ము క్యాన్సర్ గడ్డలనూ తగ్గించగలదని చూపారు. మరో అయిదేళ్లకు, 1956లో, బెథెస్డాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చ్యూ లీ, రాయ్ హెర్ట్జ్ అంతకంటే పెద్ద అడుగు వేశారు. ముత్యాల గర్భం తర్వాత కొందరు స్త్రీలకు వచ్చే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకి వేగంగా చంపేది. మెథోట్రెక్సేట్‌తో ఆ గడ్డలు కరిగిపోయాయి.

లీ అక్కడితో ఆగలేదు. ఈ క్యాన్సర్ కణాలు హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను వదులుతాయి. ఎక్స్‌రేలో గడ్డ కనబడకపోయినా మూత్రంలో ఆ హార్మోన్ ఇంకా కొద్దిగా కనబడుతోందంటే, కణాలు ఎక్కడో మిగిలి ఉన్నాయని ఆయన వాదన. హార్మోన్ పూర్తిగా మాయమయ్యేదాకా మందు కొనసాగించారు. కనబడని జబ్బుకు విషం వంటి మందు ఎక్కిస్తున్నారని పైవారు అభ్యంతరపెట్టారు. 1957లో లీ ఆ సంస్థను విడిచిపోవాల్సి వచ్చింది. కాలం ఆయన పక్షాన నిలిచింది. మందు ముందే ఆపేసినవారికి జబ్బు తిరిగొచ్చింది, చివరిదాకా తీసుకున్నవారు బతికారు. మందులతోనే శాశ్వతంగా నయమైన మొదటి గడ్డ క్యాన్సర్‌గా ఇది చరిత్రకెక్కింది. 1972లో లీకి లాస్కర్ పురస్కారం దక్కింది. రోగికి ఎలా ఉందన్నది ఒక్కటే కాదు, రక్తంలో మూత్రంలో ఏం కనబడుతోందన్నది కూడా చికిత్సను నడిపించాలని ఆ అనుభవం నేర్పింది.

పిల్లల ల్యుకేమియాలో పాఠం మరోలా వచ్చింది. ఒక మందుకు లొంగని కణాన్ని మరో మందుతో పట్టాలని వైద్యులు గ్రహించారు. 1962లో మెంఫిస్‌లో తెరిచిన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ పలు మందులు, వెన్నులోని ద్రవంలోకి మెథోట్రెక్సేట్, మెదడుకు రేడియేషన్, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇంట్లో వేసుకునే మాత్రలు కలిపి ఒక క్రమం తయారుచేశారు. 1960ల చివరికి దాదాపు సగం మంది పిల్లలకు జబ్బు నయమయ్యే స్థితి వచ్చింది. ఈ రోజు సంపన్న దేశాల్లో 10 మందిలో 9 మంది పిల్లలు బతుకుతున్నారు.

ఆ క్రమంలోని చివరి భాగం, మెయింటెనెన్స్ దశ, ఇప్పటికీ రెండు నోటి మందుల మీదే నడుస్తోంది. రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్. పిల్లవాడు బడికి వెళుతూ, ఆడుకుంటూ ఉంటాడు. చూస్తే జబ్బు ఉన్నట్టే అనిపించదు. బాగానే ఉన్నాడు కదా అని మాత్రలు మానేస్తే మిగిలిన కణాలు తిరిగి లేస్తాయి. ఈ దశలో చికిత్స భారం ఆసుపత్రి నుంచి తల్లిదండ్రుల చేతుల్లోకి వస్తుంది.

రోజుకా, వారానికా

క్యాన్సర్‌కు పుట్టిన ఈ మందు వేరే జబ్బులకూ పనికొస్తుందని 1951లోనే తెలిసింది. అమినోప్టెరిన్ తీసుకున్న కొందరిలో కీళ్లవాతం, సొరియాసిస్ తగ్గడం న్యూయార్క్ వైద్యులు గమనించారు. అమెరికాలో సొరియాసిస్‌కు 1970ల మొదట్లో, రుమటాయిడ్ కీళ్లవాతానికి 1988లో మెథోట్రెక్సేట్‌కు అనుమతి వచ్చింది. గర్భసంచి బయట నిలిచిన పిండాన్ని ఆపరేషన్ లేకుండా కరిగించడానికీ వాడుతున్నారు. కీళ్లవాతానికి వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు సరిపోతాయి. ఎముక క్యాన్సర్ అయిన ఆస్టియోసార్కోమాకు శరీర ఉపరితలం చదరపు మీటరుకు 12 గ్రాముల దాకా ఎక్కిస్తారు. ఆ పైన ల్యూకోవోరిన్ అనే విరుగుడుతో మంచి కణాలను కాపాడతారు. ఒకే మందు మోతాదు వెయ్యి రెట్లకు పైగా మారుతుంది. ఇలాంటి మందులు చాలా అరుదు.

ఇంట్లో వేసుకునే తక్కువ మోతాదులో అసలు ప్రమాదం ఎడం తప్పడంలో ఉంది. మెథోట్రెక్సేట్ రక్తంలోంచి ఒకటి రెండు రోజుల్లో పోయినా, కణం లోపలికి వెళ్లినది గ్లూటమేట్ తోకలు తగిలించుకుని అక్కడే ఉండిపోతుంది. వారంలో మిగిలిన రోజులు మూలుగ కోలుకోవడానికి కావాలి. వారానికి ఒకసారి వేసుకోవాల్సినదాన్ని రోజూ వేసుకుంటే కోలుకునే గడువే ఉండదు. నోటిపూత, జ్వరం, విరేచనాలు, ఒంటి మీద నల్లటి మచ్చలు, ఆ తర్వాత ప్రాణాపాయం. ఇంగ్లండ్ రోగి భద్రతా సంస్థ 2004లో లెక్క తీసినప్పుడు నోటి మెథోట్రెక్సేట్ పొరపాట్లకు ముడిపడిన మరణాలు పదేళ్లలో 25 తేలాయి. 2019లో ఐరోపా మందుల నియంత్రణ సంస్థ ఈ మాత్రల పెట్టె మీద వారానికి ఒకసారి అన్న హెచ్చరిక ఉండాలనీ, సీసాలు మాని విడివిడి గుల్లల పట్టీల్లోనే అమ్మాలనీ సూచించింది.

మన ఊళ్ల పరిస్థితి ఒకసారి దగ్గరగా చూద్దాం. 2.5, 5, 7.5, 10 మిల్లీగ్రాముల మాత్రలు దొరుకుతాయి. పట్టీలో పది మాత్రలుంటాయి. చీటీ మీద ఇంగ్లిష్‌లో గబగబా రాసిన ఒక్క మాటలోనే వారం సంగతి ఉంటుంది. అదే చీటీలో రోజూ వేసుకునే మరో మూడు నాలుగు మందులుంటాయి. మందుల షాపులో కుర్రవాడు అలవాటు ప్రకారం ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని చెప్పేస్తాడు. గత నెల 2.5 ఇచ్చినచోట ఈ నెల 10 ఇస్తే, ఆరు మాత్రలు వేసుకోవడం అలవాటైన పెద్దావిడ అవే ఆరు వేసుకుంటుంది. 15 మిల్లీగ్రాములు 60 అవుతాయి. ఇవన్నీ తప్పించగలిగిన పొరపాట్లు. చీటీ మీద ఆదివారం అనో గురువారం అనో తెలుగులో రాయాలి, పట్టీ మీదా రాయాలి, ఎప్పుడూ ఒకే బలం మాత్రలు కొనాలి.

తెలియాల్సినవి మరికొన్ని ఉన్నాయి. ఈ మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. అవి బలహీనంగా ఉన్నవారిలో, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినవారిలో మామూలు మోతాదే ఎక్కువవుతుంది. కో-ట్రైమోక్సజోల్ అనే సాధారణ యాంటీబయాటిక్ కూడా ఫోలేట్ దారికే అడ్డుపడుతుంది కాబట్టి రెండూ కలిస్తే మూలుగ ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. కొన్ని నొప్పి మాత్రలూ మందు బయటికి పోవడాన్ని తగ్గిస్తాయి. జ్వరమొస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినప్పుడు నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను అన్న ఒక్క మాట చెప్పడం ప్రాణం నిలబెట్టవచ్చు. దీర్ఘకాలం వాడితే కాలేయం గట్టిపడే ముప్పుంది, మద్యం ఆ ముప్పును పెంచుతుంది. పొడి దగ్గు, ఆయాసం కొత్తగా వస్తే ఊపిరితిత్తుల వాపేమో చూడాలి. గర్భిణులు దీన్ని ముట్టకూడదు, గర్భం కోరుకునేవారు ముందుగానే వైద్యుల సలహాతో ఆపాలి. కీళ్లవాతానికి వాడేవారికి వేరే రోజున ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు, అది నోటిపూతనూ వికారాన్నీ తగ్గిస్తుంది. అయితే మోతాదు మించినప్పుడు ఫోలిక్ యాసిడ్ చాలదు. ఇరుక్కున్న ఎంజైమ్‌తో పనిలేని ల్యూకోవోరిన్ కావాలి, అదీ త్వరగా.

చవక మందు, చవక కాని కాపలా

మెథోట్రెక్సేట్ మీద పేటెంట్ గడువు ఏనాడో తీరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ, భారతదేశపు జాబితాలోనూ ఇది ఉంది. మన మందుల షాపుల్లో ఒక మాత్ర కొన్ని రూపాయలకే దొరుకుతుంది. కొత్త క్యాన్సర్ మాత్రలకు నెలకు వేలు, లక్షలు పోస్తున్న కాలంలో ఇది పేదవాడికి దొరికిన వరమే.

దాని విలువను మళ్లీ రుజువు చేసిన పరిశోధనల్లో ఒకటి బొంబాయి నుంచే వచ్చింది. పొగాకు, గుట్కా, ఖైనీ వల్ల మన దేశంలో నోటి, గొంతు క్యాన్సర్లు ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటున్న స్త్రీలకు అంగిలి క్యాన్సర్ వచ్చేది. ఇలాంటి జబ్బు తిరగబెట్టి ఆపరేషన్‌కు లొంగని దశకు చేరినప్పుడు ఖరీదైన మందులు చాలామందికి అందవు. పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు అటువంటి 422 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మూడు వారాలకోసారి నరంలోకి సిస్‌ప్లాటిన్ ఎక్కించారు. రెండో జట్టుకు వారానికోసారి చదరపు మీటరుకు 15 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్, రోజూ సెలికాక్సిబ్ అనే మాత్రలు ఇంటికిచ్చి పంపారు. 2020లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వెలువడిన ఫలితంలో సిస్‌ప్లాటిన్ జట్టు మధ్యస్థ ఆయుష్షు 6.1 నెలలు, మాత్రల జట్టుది 7.5 నెలలు. తీవ్రమైన దుష్ప్రభావాలూ మాత్రల జట్టులోనే తక్కువ.

ఈ అంకెను నిజాయితీగా చదవాలి. ఇది నయం చేసిన కథ కాదు, నెలల కథ. కానీ ఆ నెలలు ఆసుపత్రి వరండాల్లో కాక ఇంట్లో గడిచాయి, కుటుంబాన్ని అప్పుల్లో ముంచకుండా గడిచాయి. తర్వాత అదే బృందం మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలకు నివోలుమాబ్ అనే ఖరీదైన ఇమ్యూనోథెరపీని మామూలు మోతాదులో పదో వంతు కంటే తక్కువగా, 20 మిల్లీగ్రాములు మాత్రమే కలిపి చూసింది. ఏడాది బతికినవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. మోతాదును ప్రశ్నించడం ఈ మందు చరిత్రలో మొదటినుంచీ ఉన్న అలవాటే.

చవకదనానికి ఇంకో ముఖం ఉంది. లాభం తక్కువైన మందును తయారుచేసేవారూ తగ్గుతారు. 2011 చివర్లో అమెరికాలో ఒక పెద్ద ఉత్పత్తిదారు తయారీ ఆపేయగానే, 2012 మొదట్లో పిల్లల ల్యుకేమియాకు వెన్నులోకి ఇచ్చే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌కు ఆ సంపన్న దేశంలోనే కటకట వచ్చింది. అదే 2012లో, మూత్రపిండాలు దెబ్బతిని ఒంట్లో నిలిచిపోయిన మెథోట్రెక్సేట్‌ను విడగొట్టే గ్లూకార్పిడేస్ అనే విరుగుడుకు అక్కడ అనుమతి దొరికింది. దాని ధర లక్షల రూపాయల్లో ఉంటుంది. మందు రూపాయల్లో, అది వికటిస్తే విరుగుడు లక్షల్లో.

కాబట్టి ఈ మందు ఖర్చును మాత్ర ధరతో కొలిస్తే లెక్క తప్పుతుంది. రక్తకణాల లెక్క, కాలేయ, మూత్రపిండాల పరీక్షలు మొదట్లో తరచుగా, తర్వాత కొన్ని నెలలకోసారి చేయించాలి. ఆ పరీక్షలకూ, పట్నం వెళ్లే చార్జీలకూ, పోయిన కూలికీ అయ్యేది మాత్రల ఖర్చును ఎన్నో రెట్లు మించుతుంది. పేద కుటుంబం మాత్ర కొంటుంది, పరీక్ష వాయిదా వేస్తుంది. ముప్పు అక్కడే పొంచి ఉంటుంది. ఆసుపత్రిలో ఎక్కించే కీమోథెరపీకి సాయపడే ప్రభుత్వాలు ఇంట్లో వేసుకునే మాత్రకు కావలసిన రక్తపరీక్షలనూ ఆ చికిత్సలో భాగంగానే లెక్కించాలి. వాటిని మండల స్థాయి ఆసుపత్రిలోనే ఉచితంగా చేయించాలి. వైద్యుడు చీటీ మీద వారం పేరు తెలుగులో రాయాలి, మందుల షాపు దాన్ని చదివి వినిపించాలి. ఫార్బర్, సుబ్బారావు, లీ, పింకెల్ ఎంతో మూల్యం చెల్లించి తెలుసుకున్న మోతాదు, ఎడం రోగి ఇంటిదాకా చేరినప్పుడే ఈ మందు నిజంగా అందరికీ అందినట్టు.